చింపాంజీతో మన పోలిక 85 శాతమేనా? ఒక వాట్సాప్ లెక్కకు ఖండన

గత కొన్ని నెలలుగా హనుమకొండ, వరంగల్, కరీంనగర్ ఉపాధ్యాయుల వాట్సాప్ గ్రూపుల్లోనూ ఇంటర్ బైపీసీ విద్యార్థుల గ్రూపుల్లోనూ ఒక పొడవాటి సందేశం తిరుగుతున్నది. దాని సారాంశం ఇది. మనిషికీ చింపాంజీకీ డీఎన్ఏలో 99 శాతం పోలిక ఉన్నదన్న మాట అబద్ధమని 2025లో ‘నేచర్’ పత్రికే ఒప్పుకున్నది, అసలు పోలిక 85 శాతమే, ఈ సంగతిని శాస్త్రవేత్తలు ఇరవై ఏండ్లు దాచిపెట్టారు. తేడా అంతా ఒకప్పుడు ‘చెత్త’ అని తీసిపారేసిన పునరావృత డీఎన్ఏలో ఉన్నది, ఆ చెత్తలో 80 శాతం పనిచేస్తుందని 2012లోనే తేలింది. రెండు జీవుల్లో ఒకే చోట ఒకే ముక్క కనిపిస్తే అది ఒకే సృష్టికర్త పనితనం తప్ప ఉమ్మడి పూర్వీకులకు రుజువు కాదు. మనకు 46 క్రోమోజోములు, చింపాంజీకి 48, కాబట్టి లెక్కే కుదరదు. చివరగా, ఇట్లాంటి ముక్కలు జన్యువులను చెడగొట్టగలవే గాని కొత్తదేదీ ఇవ్వలేవు, అవి జీనోములో, అంటే ఒక జీవి మొత్తం డీఎన్ఏలో, దూరుతుండగా చూసినవారూ లేరు.

పిల్లలకు జంతుశాస్త్రం చెప్పేవాళ్లు ఈ సందేశాన్ని నవ్వి వదిలేయడానికి లేదు. ఎందుకంటే ఇందులోని అంకెలు గాలిలోంచి పుట్టినవి కావు. 2025 నాటి పరిశోధన నిజం, 2012 నాటి 80 శాతం నిజం, 46, 48 నిజం. అంకెలను వాటి సందర్భం నుంచి ఊడబెరికి వేరే వాక్యాల్లో అతికించడమే ఇక్కడ జరిగిన పని. కాబట్టి ఒక్కొక్క మాటనూ దాని చోటికి తీసుకుపోయి చూడవలసి ఉంటుంది.

అంతకు ముందు పునరావృత డీఎన్ఏ అంటే ఏమిటో రెండు మాటల్లో చెప్పుకోవాలి, లేకపోతే తక్కినదంతా అయోమయమవుతుంది. డీఎన్ఏ అంటే ఏ, టీ, జీ, సీ అనే నాలుగు రసాయన అక్షరాల వరుస. జీనోములో కొన్ని వరుసలు లక్షల సార్లు మళ్లీ మళ్లీ వస్తాయని 1968లో రాయ్ బ్రిటన్, డేవిడ్ కోనీ చూపించారు. వీటిలో రెండు తెగలున్నాయి. ఒక తెగ జీనోము నిండా చెదురుమదురుగా ఉంటుంది. ఒకచోటి ముక్క ఆర్ఎన్ఏ అనే తాత్కాలిక నకలుగా తయారై, తిరిగి డీఎన్ఏగా మారి, మరోచోట దూరుతుంది. దాదాపు మూడు వందల అక్షరాల పొడవుండే ‘ఆలూ’ ముక్కలు, పూర్తి పొడవులో ఆరు వేల అక్షరాలుండే ‘ఎల్‌1’ ముక్కలు ఈ తెగవి. మన జీనోములో ఆలూ నకళ్లు పది లక్షలకు పైనే ఉన్నాయి, జీనోములో పదో వంతు వాటిదే. రెండో తెగ ఒకేచోట గొలుసుకట్టుగా పేరుకుంటుంది. క్రోమోజోము నడుమున, కణ విభజనప్పుడు తంతువులు పట్టుకునే సెంట్రోమియర్ దగ్గర ఉండే ‘ఆల్ఫా శాటిలైట్’ దీనికి ముఖ్యమైన ఉదాహరణ. దాని మూలమైన ముక్క 171 అక్షరాలు, అదే లక్షల అక్షరాల దూరం ఒకదాని వెంట ఒకటి సాగుతుంది. మొదటి తెగ దూరిన చోటనే ఉండిపోతుంది. రెండో తెగ పొడుగు తరతరానికి పెరగవచ్చు, తగ్గవచ్చు. సందేశం రాసినవారు ఈ రెండింటినీ కలిపేశారు, గందరగోళమంతా అక్కడి నుంచే మొదలైంది.

ఇక 85 శాతం సంగతి. 2025 ఏప్రిల్‌లో ‘నేచర్’లో వచ్చిన ఆ పరిశోధనలో చింపాంజీ, బొనోబో, గొరిల్లా, బోర్నియో ఒరాంగుటాన్, సుమత్రా ఒరాంగుటాన్, సియామాంగ్ అనే ఆరు తోకలేని వానరాల జీనోములను ఈ కొస నుంచి ఆ కొస దాకా చదివారు. వానర జీనోములో 12.5 నుంచి 27.3 శాతం దాకా భాగాన్ని మరో జీనోముతో ఒకటికి ఒకటిగా జతపరచడం కుదరలేదని అందులో స్పష్టంగా రాశారు. సందేశకర్త ఈ జత కుదరని భాగాన్ని, అక్షరాల తేడాలను కలిపి వందలోంచి తీసేసి, మిగిలినదానికి ‘పోలిక’ అని పేరు పెట్టారు. జత కుదిరిన భాగంలో అక్షరానికి అక్షరం పోల్చినప్పుడు మనిషికీ చింపాంజీకీ తేడా సుమారు ఒకటిన్నర శాతమేనని అదే పరిశోధన చెప్పిన సంగతిని మాత్రం వదిలేశారు.

జత కుదరకపోవడమూ పోలిక లేకపోవడమూ ఒకటి కాదు. వరంగల్ కొత్తవాడ మగ్గాల మీద ఒకే నమూనాతో రెండు దర్రీలు నేసి, ఒకదానిలో అంచు పువ్వును నలభై సార్లు, రెండోదానిలో తొంభై సార్లు వేశారనుకుందాం. ఒకదాని మీద ఒకటి పరిచి కొలిస్తే యాభై పువ్వులకు జత దొరకదు, అంతమాత్రాన ఆ పువ్వు రెండో దర్రీలో లేదని ఎవరూ అనరు. జత కుదరని భాగంలో ఎక్కువ ఇట్లాంటిదే. సెంట్రోమియర్ల శాటిలైట్ గొలుసులు, పెద్ద పెద్ద భాగాలే రెట్టింపైన చోట్లు, క్రోమోజోముల కొసల్లో పేరుకున్న దిబ్బలు ఇందులోకి వస్తాయి. చింపాంజీ, గొరిల్లా క్రోమోజోముల కొసల్లో 32 అక్షరాల ముక్క ఒకటి వేలకు వేలుగా పేరుకుని టోపీల మాదిరి ఉంటుంది. మనిషికీ ఒరాంగుటాన్‌కూ ఆ టోపీలు లేవు. కేవలం కొసన పేరుకున్న ఈ ఒక్క వరుస వల్లనే జత కుదరని భాగం ఎంతో పెరుగుతుంది.

ఈ కొలత ఎంత తప్పుదోవ పట్టిస్తుందో తెలుసుకోవడానికి చింపాంజీ దాకా పోనవసరం లేదు, ఇద్దరు మనుషుల జీనోములు చాలు. మనిషివే అయిన రెండు పూర్తి జీనోముల సెంట్రోమియర్లను పోల్చిన పరిశోధన 2024లో ‘నేచర్’లోనే వచ్చింది. ఆ రెండింటి మధ్య సెంట్రోమియర్ల పొడవులో మూడు రెట్ల దాకా తేడా కనిపించింది, సెంట్రోమియర్ వరుసలో 45.8 శాతాన్ని మామూలు పద్ధతుల్లో నమ్మకంగా జతపరచలేకపోయారు. వాట్సాప్ లెక్కనే ఇక్కడా వేస్తే, ఆ భాగంలో మనిషికి మనిషితో పోలిక 54 శాతమే అనవలసి వస్తుంది. ఆ మాట ఎవరూ అనరు, ఎందుకంటే శాటిలైట్ గొలుసుల పొడవు ఒకే జాతిలో కూడా వేగంగా మారుతుందని అందరికీ తెలుసు.

నిజానికి ఆ తెలిసిన సంగతి మీదనే మన కోర్టులు ఆధారపడుతున్నాయి. ఒక మనిషికీ మరో మనిషికీ గొలుసు పునరావృతాల పొడవులో తేడా ఉంటుంది గనుకనే డీఎన్ఏ వేలిముద్రల పరీక్ష సాధ్యమైంది. హైదరాబాద్‌లోని కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీలో లాల్జీ సింగ్ ఈ పరీక్షను మన దేశంలో నిలబెట్టినప్పుడు వాడిన ‘బీకేఎం’ ప్రోబ్ (తన జత వరుసను వెతికి అతుక్కునే డీఎన్ఏ ముక్క) కూడా ఒక పునరావృత వరుసే, కట్లపాము జాతి పాము శాటిలైట్ డీఎన్ఏలో ఆయన గుర్తించినది. తండ్రి ఎవరో తేల్చే కేసులో గొలుసుల పొడవులో తేడాలను సాక్ష్యంగా ఒప్పుకునే మనం, అదే తరహా తేడా చింపాంజీతో కనిపించగానే బంధుత్వమే లేదనడం ఏ తర్కమో అర్థం కాదు.

‘దాచిపెట్టారు’ అన్న ఆరోపణకు జవాబు ఇంకా తేలిక. 1968లో పునరావృతాలను చూపించిన ఆ రాయ్ బ్రిటన్‌ స్వయంగా 2002లో, చేరికలూ కోతలూ, అంటే ఒకరిలో అదనంగా చేరిన లేదా తెగిపోయిన ముక్కలు, కలిపి లెక్కిస్తే మనిషికీ చింపాంజీకీ తేడా దాదాపు 5 శాతమని బహిరంగంగా ప్రచురించారు. 2005 సెప్టెంబర్‌లో చింపాంజీ జీనోము మొదటి నివేదిక వచ్చినప్పుడు కూడా ఒక్క అక్షరం మారిన చోట్లు మూడున్నర కోట్లని, అది 1.23 శాతమని, చేరికలూ కోతలూ దాదాపు యాభై లక్షలని, వాటి వల్ల వచ్చే తేడా అక్షరాల తేడా కన్నా ఎక్కువేనని ఒకే నివేదికలో రాశారు. అయితే ఒక్క మాట ఒప్పుకోవాలి: ‘99 శాతం’ అనే నినాదాన్ని వేటిని కొలిచామో చెప్పకుండా పాఠాల్లో, పత్రికల్లో వాడుతూ వచ్చిన సోమరితనమే ఈ సందేశానికి దారి వేసింది. 1975లో మేరీ క్లెయిర్ కింగ్, అలన్ విల్సన్ ప్రోటీన్లను పోల్చి ఆ స్థాయి పోలికను చెప్పినప్పుడు, ప్రోటీన్లు ఇంత ఒకటిగా ఉండి జీవులు ఇంత వేరుగా ఎట్లా ఉన్నాయన్నదే వారి అసలు ప్రశ్న. అది ఎటుపోయిందో గాని అంకె మాత్రం మిగిలింది.

రెండో మాట, 80 శాతం పనిచేస్తున్నదన్నది. 2012లో, మానవ జీనోములో ఏ భాగం ఏమి చేస్తుందో వెతికే ‘ఎన్‌కోడ్’ ప్రాజెక్టు ప్రకటించిన 80.4 శాతానికి అర్థం వేరు. జీనోములోని ఒక భాగం, ఏదో ఒక రకం కణంలో, కనీసం ఒక్కసారి ఆర్ఎన్ఏగా నకలైనా, ఏదైనా ప్రోటీన్ దానికి అంటుకున్నా, దాన్ని ఆ లెక్కలో వేశారు. చచ్చిపడిన ఎల్‌1 ముక్క పొరపాటున ఆర్ఎన్ఏగా నకలైతే అదీ ఆ లెక్కలోకే వస్తుంది. పని ఉన్నదనడానికి అసలు పరీక్ష వేరు: ఆ వరుస చెడితే జీవికి నష్టం జరుగుతుందా, జరిగితే ప్రకృతి వరణం ఆ చెడుగును ఏరివేస్తుంది, కాబట్టి ఆ వరుస లక్షల ఏండ్లు పెద్దగా మారకుండా ఉంటుంది. ఆ పరీక్ష పెట్టి 2014లో ఒక బృందం వేసిన అంచనా 8.2 శాతం. అదే ఏడాది ఎన్‌కోడ్ శాస్త్రవేత్తలే మరో వ్యాసంలో, జీవరసాయన చర్య కనిపించడమూ జీవికి అవసరమైన పని చేయడమూ వేరువేరని వివరించారు. ఉల్లిగడ్డ జీనోము మనదానికి దాదాపు ఐదు రెట్లు. ప్రతి అక్షరానికీ పని ఉన్నదనేవారు, ఉల్లిగడ్డకు మనకన్నా ఐదింతల పని ఏమి పడిందో చెప్పవలసి ఉంటుంది.

పునరావృతాలన్నీ చెత్త అని కూడా ఎవరూ అనలేదు. సెంట్రోమియర్ లేకుండా కణ విభజన సాగదు, క్రోమోజోముల కొసల్లో ‘టీటీఏజీజీజీ’ అనే ఆరక్షరాల ముక్క పదేపదే రాకపోతే క్రోమోజోములు అరిగిపోతాయి. 1972లో సుసుము ఓనో ‘చెత్త’ అన్నది తెలియనితనంతో కాదు. ప్రతి అక్షరమూ కీలకమే అయితే తరతరానికి వచ్చే ఉత్పరివర్తనల భారాన్ని మన జాతి మోయలేదన్న లెక్కతో అన్నాడు. ఆ లెక్కను ఈ సందేశం తాకనైనా లేదు.

ఇక అన్నిటికన్నా బరువైన మాట, ‘ఒకే చోట ఒకే ముక్క ఉంటే ఒకే సృష్టికర్త పనితనం’ అన్నది. దీనికి జవాబు చెప్పాలంటే ఒక ఆలూ ముక్కను దగ్గరగా చూడాలి. దాని మూలం మన కణాల్లో ప్రోటీన్లను సరైన గదికి చేర్చే యంత్రంలోని ‘7ఎస్ఎల్’ అనే ఆర్ఎన్ఏ జన్యువు. ఆ జన్యువు తెగిన నకళ్లు రెండు కలిసి, తోకలో ‘ఏ’ (A) అనే అక్షరమే వరుసగా ఉండే ఒక ముక్క ఏర్పడింది. దానికి సొంత యంత్రాంగం లేదు, ఎల్‌1 తయారుచేసే ఎంజైమ్‌ను వాడుకుని దూరుతుంది. దూరేటప్పుడు ఆ ఎంజైమ్ డీఎన్ఏ రెండు పోగులనూ ఒకే చోట కాకుండా కొంచెం ఎగుడుదిగుడుగా కోస్తుంది. ఆ ఖాళీలు పూడేసరికి, ముక్కకు ఇటువైపు ఉన్న పది పదిహేను అక్షరాలే అటువైపు కూడా వస్తాయి. అంటే ప్రతి ఆలూకూ రెండు పక్కలా ఒకే మాదిరి గాయపు మచ్చ ఉంటుంది. ఏ ముక్కకు ఏ మచ్చ, ఎంత పొడవు అన్నది దూరిన ఆ క్షణాన జరిగిన కోతను బట్టి ఉంటుంది, దానికి పనితో సంబంధం లేదు.

మనిషి, చింపాంజీ, గొరిల్లా జీనోముల్లో లక్షల ఆలూ ముక్కలు ఒకే చోట, అవే మచ్చలతో కనిపిస్తాయి. ఎల్‌1 ముక్కల్లో చాలావాటికి ముందు భాగం తెగిపోయి ఉంటుంది, ఎందుకంటే నకలు తీసే పని సగంలోనే ఆగిపోతుంది. ఆ తెగిన ముక్క మనలో ఏ అక్షరం దగ్గర తెగిందో చింపాంజీలోనూ అక్కడే తెగి ఉంటుంది. ఒకే పనితనం అనేవారు పనికొచ్చే భాగాల పోలికను వివరించవచ్చునేమో గాని, పనికిరాని సగం ముక్కలు ఒకే చోట ఒకే తీరున తెగి ఉండటాన్ని వివరించలేరు. ఉమ్మడి పూర్వీకునిలో ఒకసారి జరిగినది వారసులందరికీ వచ్చిందంటే మాత్రం వేరే వివరణ అవసరం పడదు.

దీనికి ఎదురు పరీక్ష కూడా ఉన్నది. ‘పీటీఈఆర్‌వీ1’ అనే వైరస్ అవశేషం చింపాంజీలోనూ గొరిల్లాలోనూ ఉన్నది, మనలో లేదు, ఒరాంగుటాన్‌లో లేదు. పైపైన చూస్తే ఇది వంశవృక్షానికి విరుద్ధం, ఈ తరహా సందేశాలు ఎక్కువగా ఎత్తిచూపేదీ ఇదే. కానీ అది ఏయే చోట్ల దూరిందో 2005లో పరిశీలిస్తే, చింపాంజీలోని చోట్లూ గొరిల్లాలోని చోట్లూ చాలా మటుకు వేరువేరని తేలింది. రెండు జాతులకూ వేరువేరుగా ఆ వైరస్ సోకిందన్నమాట. ముక్క ఒకటే అయినా చోటు వేరైతే బంధుత్వానికి సాక్ష్యం కాదని చెప్పే పద్ధతి, చోటు కూడా ఒకటైనప్పుడు సాక్ష్యమని చెప్పడానికి అర్హత సంపాదించుకున్నట్టే.

వంశవృక్షం ప్రతి చోటా నున్నగా ఉంటుందని కూడా అనుకోవద్దు. 2012లో గొరిల్లా జీనోము వచ్చినప్పుడు, జీనోములో దాదాపు 30 శాతం చోట్ల మనిషి, చింపాంజీ వరుసలు ఒకదానికొకటి ఉన్నదానికన్నా గొరిల్లా వరుస మనకో చింపాంజీకో ఎక్కువ దగ్గరగా ఉన్నదని తేలింది. జాతులు త్వరత్వరగా విడిపోయినప్పుడు పూర్వీకుల్లో ఉన్న పాత తేడాలు అటూ ఇటూ పంచుకోబడతాయి. కొన్ని ఆలూ ముక్కలు కూడా ఇట్లానే పక్కదారి చూపుతాయి. ఎన్ని, ఏ దిక్కుగా అన్నది ముందే లెక్కించదగిన విషయం.

ఆలూలు అన్ని వానరాల్లోనూ ఒకే వేగంతో పెరగలేదు. పాతకాలపు ‘ఆలూజే’ తెగ ఆరు కోట్ల ఏండ్ల కిందటిది, తర్వాత ‘ఆలూఎస్’, ఆ తర్వాత ‘ఆలూవై’ వచ్చాయి. మనం చింపాంజీ నుంచి విడిపోయాక మన వంశంలో కొత్తగా చేరిన ఆలూలు ఏడు వేల దాకా ఉంటే, చింపాంజీ వంశంలో దాదాపు 2,300. ఒరాంగుటాన్ వంశంలోనైతే కోటిన్నర ఏండ్లలో చేరినవి సుమారు 250 మాత్రమే. ఒకే చేతి పనితనమైతే ఇంత తేడా ఎందుకన్న ప్రశ్నకు ఆ సందేశంలో జవాబు వెతకడం వృథా.

46, 48 సంగతికి ఎక్కువ చోటు అక్కర్లేదు. చింపాంజీలో ఇప్పటికీ విడివిడిగా ఉన్న రెండు క్రోమోజోములు మన వంశంలో కొసకు కొస అతుక్కోవడంతో మన రెండో క్రోమోజోము ఏర్పడింది. అతుకు పడిన చోట, అంటే క్రోమోజోము నడి భాగంలో, కొసల్లో మాత్రమే ఉండవలసిన టీటీఏజీజీజీ వరుసలు ఎదురెదురుగా ఉన్నాయని 1991లో చూపించారు. మరికొంత దూరంలో వాడుక తప్పిన రెండో సెంట్రోమియర్ జాడగా ఆల్ఫా శాటిలైట్ మిగిలి ఉన్నది. ఆ టీటీఏజీజీజీలు చెదిరిపోయి ఉన్నాయి కదా అని కొందరి అభ్యంతరం. వాడుకలో లేని వరుస లక్షల ఏండ్లలో చెదరకపోతేనే ఆశ్చర్యపడాలి.

చివరి మాట, ఇట్లాంటి ముక్కలు కొత్తదేదీ ఇవ్వలేవన్నది. భద్రకాళి గుడి దగ్గర, ఖిలా వరంగల్ గోడల మీద తిరిగే కోతులకూ, పొలాల కాడ వాటిని తరమడానికి తెచ్చి కట్టే కొండముచ్చులకూ తోకలున్నాయి. మనకు లేదు, చింపాంజీకి లేదు, మన ఈశాన్య అడవుల్లోని హూలాక్ గిబ్బన్‌కూ లేదు. 2024 ఫిబ్రవరిలో వచ్చిన పరిశోధన దీనికి ఒక కారణాన్ని చూపింది. జన్యువు నకలైన ఆర్ఎన్ఏలో చివరకు మిగిలే భాగాలను ఎక్సాన్లనీ, వాటి నడుమ ఉండి కత్తిరించబడే భాగాలను ఇంట్రాన్లనీ అంటారు. తోక ఏర్పడటంలో పాలుపంచుకునే ‘టీబీఎక్స్‌టీ’ జన్యువులో, ఆరో ఇంట్రాన్‌లో ఒక ఆలూవై ముక్క తోకలేని వానరాలన్నిటిలోనూ ఉన్నది, తోక ఉన్న కోతుల్లో లేదు. అయిదో ఇంట్రాన్‌లో అంతకు ముందు నుంచే ఎదురు దిక్కున ఒక ఆలూ ఉన్నది. ఆర్ఎన్ఏ తయారైనప్పుడు ఈ రెండూ ఒకదానికొకటి అతుక్కుని నడుమనున్న ఆరో ఎక్సాన్‌ను మడతలో బిగిస్తాయి, దాంతో కొన్ని నకళ్లలో ఆ ఎక్సాన్ తప్పిపోతుంది. ఎలుకల్లో ఆ పొట్టి నకలు తయారయ్యేట్టు చేస్తే వాటికి తోక పొట్టిదైంది, కొన్నిటికి అసలే రాలేదు. వాటిలో కొన్నిటికి వెన్నుపాము సరిగ్గా మూసుకోని లోపం కూడా వచ్చింది, కాబట్టి ఈ మార్పు ఉచితంగా వచ్చింది కాదు.

గర్భంలో మాయ ఏర్పడేటప్పుడు కణాలను ఒకదానితో ఒకటి కలిపే ‘సిన్సిటిన్’ అనే ప్రోటీన్ ఒక పాత వైరస్ పైపొర జన్యువు నుంచి వచ్చిందని 2000లో తెలిసింది. మన జీనోములో 8 శాతం ఇట్లాంటి వైరస్ అవశేషాలే. వాటిలో అతికొద్ది మాత్రమే ఇట్లా పనికివచ్చాయి.

దూరుతుండగా చూసినవారు లేరన్నది మాత్రం ఆస్పత్రుల రికార్డులే కొట్టేసే మాట. 1988లో హీమోఫీలియా ఉన్న పిల్లల్లో రక్తం గడ్డకట్టడానికి కావలసిన ఎనిమిదో ఫ్యాక్టర్ జన్యువులో ఎల్‌1 ముక్క దూరి ఉండటాన్ని గుర్తించారు, తల్లిదండ్రుల్లో అది లేదు. 1991లో నరాల మీద గడ్డలు పెరిగే న్యూరోఫైబ్రోమటోసిస్ రోగి ఒకరి ‘ఎన్ఎఫ్1’ జన్యువులో కొత్త ఆలూ కనిపించింది, అదీ తల్లిదండ్రులకు లేనిదే. ఇరవై నుంచి నలభై జననాలకు ఒక కొత్త ఆలూ చొప్పున చేరుతున్నదని అంచనా.

జబ్బు చేయకుండా దూరి కూర్చున్నవీ ఉన్నాయి. డిగ్రీ బయోటెక్నాలజీ ప్రయోగశాలల్లో విద్యార్థులతో చేయించే ఒక ప్రయోగమున్నది. ఉప్పునీళ్లు పుక్కిలించి, అందులో వచ్చిన బుగ్గ కణాల నుంచి డీఎన్ఏ తీసి, పదహారో క్రోమోజోము మీద ‘పీవీ92’ అనే చోటును, ఒక ముక్కకు కోట్ల నకళ్లు తీసే పీసీఆర్‌లో పెంచుతారు. ముక్కలను పొడవును బట్టి విడదీసే అగరోజ్ జెల్‌లో కరెంటు పంపి గంట సేపటికి చూస్తే, అక్కడ ఆలూ ఉన్నవాళ్లకు 941 అక్షరాల గీత, లేనివాళ్లకు 641 అక్షరాల గీత, తల్లి నుంచి ఒకటి తండ్రి నుంచి మరొకటి వచ్చినవాళ్లకు రెండు గీతలూ పడతాయి. ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్లకే మూడు రకాలూ రావచ్చు. చింపాంజీలో అక్కడ ఆలూ లేదు. మన జాతిలోనే దూరి, ఇంకా అందరికీ అందని ముక్క అది.